పెద్దమ్మ చాటలో రాళ్లు

(చొప్పదండిలో జరిగిన 'లైబ్రరీ సార్' స్మారకోపన్యాసం, పూర్తి పాఠం)



ఎవరి యాదిలో ఈ పూట కూడుకున్నామో ఆయన పేరు ఆహ్వానపత్రం మీద లేదు. ఇంటివాళ్లు అట్లా కోరారు. ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఈ ఊళ్లో ఎట్లాగూ తక్కువ. చిన్నా పెద్దా అందరికీ ఆయన లైబ్రరీ సారే. నేనూ అట్లాగే పిలుస్తాను.

నా చిన్నప్పుడు డిటెక్టివ్ నవలలకు చివరి పేజీలు ఉండేవి కావు. చేతులు మారి మారి ముందు అట్ట ఊడేది, ఆ తర్వాత చివరి రెండు కాగితాలు రాలిపోయేవి. కొన్నింటిని ఎవరో కావాలనే చింపేవాళ్లు. సార్ ఆ పుస్తకాలను చిత్తు కింద తీసేయలేదు. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, లోపల పెన్సిల్‌తో 'చివర లేదు, వచ్చి అడగండి' అని రాసి పెట్టేవారు. పుస్తకం వాపసు ఇచ్చేటప్పుడు కళ్లద్దాల పైనుంచి చూసి, "ఎవరు చేసిన్రనుకుంటున్నవ్?" అని అడిగేవారు. మనం ఒక పేరు చెప్పాలి. ఎందుకో కూడా చెప్పాలి. "మనిషి మంచోడు కాదు సార్" అంటే ఒప్పుకునేవారు కాదు. "మంచోడు కాకపోతే దొంగతనం చేసినట్టేనా?" అని ఎదురడిగేవారు. నాకు తెలిసి ఈ ఊళ్లో చాలామందికి సాక్ష్యం అంటే ఏమిటో, అనుమానం అంటే ఏమిటో వేరుచేసి చూపింది ఆ చిరిగిన పుస్తకాలే.

ఈ రోజు నేను మాట్లాడబోయేది అటువంటి ఒక కథాప్రక్రియ గురించి. ఇంట్లో దయ్యం ఉందంటారు, లేదా ఉందేమోనని భయపడతారు. పోలీసు కాని, పట్టా లేని, కొంచెం వింత మనిషైన ఒక ఆడామె ఆ చిక్కు విప్పుతుంది. ఆమె వెనక ఆమె కుటుంబమంతా ఉంటుంది, సగం సాయం చేస్తూ, సగం అడ్డం పడుతూ. చదువరి భయపడాల్సిన చోట కొంచెం భయపడి, మిగతా అంతా నవ్వుతాడు. ఇంగ్లీషులో ఇటువంటి నవలలు వరుసల కింద వస్తాయి. దయ్యమైన అమ్మమ్మ, మాటలు వచ్చిన పిల్లి, పరిశోధన చేసే మనవరాలు వాటిలో మామూలే. తెలుగులో ఈ బాపతు పుస్తకాల అర ఇంకా దాదాపు ఖాళీ. అది నిండాలని, మన కరీంనగర్ జిల్లా ఆడవాళ్ల చేతుల మీదుగా నిండాలని నా కోరిక. ఎందుకో చెప్పాలంటే ముందు మా పెద్దమ్మ సంగతి చెప్పాలి.

పెద్దమ్మ బీడీలు చేసేది. చదువు లేదు. మధ్యాహ్నం వంటలయ్యాక ఐదారుగురు ఆడవాళ్లు మా సాయబాన్‌లో ఒడిలో చాటలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. తడిపిన తునికాకు కత్తెరతో కోస్తూ, తంబాకు నింపి చుట్టి, మూతి ముడిచి దారం కడుతూ ఉంటే చేతుల పని చేతులది, చెవులు ఖాళీ. నేను ఏడో తరగతి. సార్ దగ్గర తెచ్చిన కొమ్మూరి సాంబశివరావు నవలలు గొంతెత్తి చదివి వినిపించడం నా పని. క్యూబాలో చుట్టల కార్ఖానాలలో పనివాళ్లు తమ కూలి పైసలతో చదివి వినిపించే మనిషిని పెట్టుకునేవాళ్లని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. నాకు కూలి బెల్లం ముక్క. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఆ సాయబాన్‌లో మా చుట్టాలైపోయారు. "గా రాజుకు జెర పెండ్లి చెయ్యరాదా" అని ఒకామె బాధపడేది. పెద్దమ్మ మాత్రం మూడో అధ్యాయానికే దొంగను పట్టేది. ఎట్లా అని అడిగితే, "పనిలేకున్నా ఇంట్లకు అచ్చిపోయేటోన్ని సూడాలె" అనేది.

ఆ ఏడు ఎండాకాలం ముందు మా గల్లీ చివరింటి మీద రాళ్లు పడడం మొదలైంది. దీపాలు పెట్టే వేళకు గూన పెంకల మీద టప్పుమని ఒకటి, కాసేపాగి ఇంకొకటి. ఎవరూ కనపడరు. మూడో రోజుకు బాణామతి అన్నారు. ఐదో రోజుకు ఎవరు చేయిస్తున్నారో కూడా తేల్చేశారు: రెండిండ్ల అవతల ఒంటరిగా ఉండే ముసలామె. ఆమె చెట్ల మందు ఇచ్చేది. పిల్లలు లేరు. నడుస్తూ తనలో తాను మాట్లాడుకునేది. మనుషులకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

మా ఇంట్లో పరిశోధన ఎట్లా సాగిందో చెబితే మీరు నవ్వుతారు; నవ్వండి. మా పెద్దనాయినకు దయ్యాలంటే చచ్చేంత భయం. తలకింద చెప్పు పెట్టుకుని పడుకునేవాడు. పెద్దమ్మ ఆయన బ్యాటరీ లైటు ఎత్తుకుపోయి, చీకట్లో మా ధాన్యం గుమ్మి ఎక్కి చివరింటి కప్పు మీదికి వెలుగు వేసి చూస్తుంటే, ఆయన నీళ్లు తాగడానికి లేచి గుమ్మి మీద నిలబడ్డ ఆకారాన్ని చూసి ఆంజనేయ దండకం అందుకున్నాడు. సగంలో మరిచిపోయాడు. మిగతా సగం పైనుంచి పెద్దమ్మ అందించింది. మా వదినె ఆ ఇంటికి చింతపండు బదులడిగే వంకతో మూడుసార్లు వెళ్లి, వాళ్ల పెరడంతా చూసి వచ్చింది. మా తమ్ముని పని పడిన రాళ్లు ఏరుకురావడం.

ఆ రాళ్లను పెద్దమ్మ బీడీల చాటలో పోసుకుని చెరిగినట్టు చూసింది. అన్నీ గులకరాళ్లు, నున్నగా. మా గల్లీలో ఉన్నది కంకర, కోసుగా ఉంటుంది. మానేరు ఇసుక కుప్పలో వచ్చే రాళ్లు ఇవి, అటువంటి కుప్ప ఆ ఇంటి పెరట్లోనే ఉంది, కొత్త అర్ర కట్టడానికి తెప్పించింది. ఏ రాయీ నిమ్మకాయ కన్నా పెద్దది లేదు. మగవాని చేతికి అందిన రాయి ఇంత చిన్నగా ఉండదు. తొమ్మిది రోజుల్లో రెండు సాయంత్రాలు రాళ్లు పడలేదు. ఆ రెండు రోజులూ ఆ ఇంటి పిల్లను, పదో తరగతి పిల్లను, 'గాలి సోకిందేమో'నని తల్లి కొండగట్టుకు తీసుకుపోయింది.

నేను ఎగిరి గంతేసి, "అయితే ఆ అక్కనే!" అన్నాను. పెద్దమ్మ నా నోరు మూసింది. అప్పుడు ఆమె అన్న మాట నేను ఇప్పటికీ మరువలేదు. "రాయి ఎవలేసిన్రు అనుడు కాదు బిడ్డా. రాయి పడంగనే ఆ ఇంట్ల ఏ ముచ్చట ఆగిపోతాంది, అది సూడు."

ఆగిపోతున్నది పెండ్లి ముచ్చట. సాయంత్రం తండ్రి పనినుంచి రాగానే, కట్నం గురించి, ముహూర్తం గురించి మాట మొదలవుతుంది. కప్పు మీద రాయి పడుతుంది. మాట ఆగుతుంది.

తొమ్మిదో రాత్రి నలుగురైదుగురు మగవాళ్లు ముసలామెను చావడి దగ్గరికి పిలిపించాలని లేచారు. పిలిపించడం అంటే ఏమిటో మన జిల్లాలో పెరిగినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మంత్రాలు పారకుండా పండ్లు ఊడగొట్టడం మన దగ్గర జరిగిన పనే. పెద్దమ్మ ఒడిలోని తునికాకు దులుపుకుని లేచి, చాటతోనే వెళ్లి వాళ్ల నడుమ నిలబడింది.

"ఆ రాళ్లు ఏసింది నేను," అన్నది. "కోతులను కొట్టబోతే మీ కప్పు మీద పడ్డయ్."

ఎవరో అడిగారు: "తొమ్మిది దినాలు కోతులేనానే?"

"కోతులకు వారం వర్జ్యం ఉంటదా కొడుకా? అయి అచ్చినప్పుడల్లా ఏసిన. నా గురి మంచిగుంటే మీకు గీ గోస ఎందుకు?"

ముందు ఒకరు నవ్వారు. తర్వాత ఇంకొకరు. కోతి సంగతి ఈ ఊళ్లో ఎవరికి తెలియదు? ఒకడు తన ఇంట్లో కోతి ఎత్తుకుపోయిన సర్వపిండి ముచ్చట మొదలుపెట్టాడు. కాసేపటికి అందరూ కోతుల గురించే మాట్లాడుతున్నారు. ముసలామె ఊసు మరిచిపోయారు. పగిలిన గూనకు పెద్దమ్మ తన బీడీల పైసలు కట్టింది. మర్నాడు నీళ్ల బాయి దగ్గర పిల్ల తల్లిని పక్కకు పిలిచి ఏం చెప్పిందో నేను వినలేదు. పిల్ల పదో తరగతి పరీక్ష రాసింది. రాళ్లు మళ్లీ పడలేదు.

ఈ సంగతి తెలిసి సార్ సంతోషించలేదు. ఆయన మా ఇంటి దాకా వచ్చి, "నిజం చెప్పాల్సిందమ్మా. అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో కప్పిన్రు. రేపు ఇంకో ఇంటి మీద రాయి పడితే మళ్లీ బాణామతే అంటరు" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఈనాటికీ నేను ఆ మాటను కొట్టేయలేను. పెద్దమ్మ దారం పంటితో కొరికి, "సారూ, నీ పుస్తకాల చివరి కాగితాలు చింపుతున్నదెవలో నాకెరికే. నీకు చెప్పిన్నా?" అన్నది. చింపింది మా తమ్ముడు, పతంగులకు. సార్‌కు అప్పుడే అర్థమైంది, వాడు నా వెనక దాక్కున్న తీరు చూసి. ఆయన ఏమీ అనలేదు. కానీ మరుసటి వారం నుంచి తమ్ముడు లైబ్రరీలో రోజూ గంటసేపు పుస్తకాలకు అట్టలు వేశాడు.

మన దగ్గర 'ఇగురం' అనే మాట ఉంది. ఇగురం తెలిసిన మనిషి అంటే నిజం తెలిసిన మనిషే, దాన్ని ఎవరి ముందు ఎంత తీయాలో కూడా తెలిసిన మనిషి. డిటెక్టివ్ నవలలో చివరి పేజీలో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి దోషి వైపు వేలు చూపిస్తారు. మా పెద్దమ్మ చూపలేదు. చూపితే ఆ పదో తరగతి పిల్ల ఏమయ్యేదో ఆలోచించండి. ఇంటి లోపలి చిక్కును ఇంటి మనిషి విప్పే కథలో ముగింపు ఇట్లాగే ఉంటుంది. న్యాయం జరగాలి, ఆ తర్వాత అందరూ ఒకే పొయ్యి మీద వండుకు తినాలి.

ఇదేదో పరాయి సరుకు అనుకునేవారికి కన్యాశుల్కం యాది చేస్తాను. 1897లో మొదటి కూర్పు, 1909లో తిరగరాసిన కూర్పు. లుబ్ధావధాన్లు ఇంట్లో కొత్త పెండ్లికూతురు మాయమవుతుంది. ఇంటిల్లిపాదికీ దయ్యం భయం. సీసాతో పూజారి గవరయ్య దిగుతాడు. రామప్ప పంతులు దాన్ని హత్య కేసు దాకా లాగుతాడు. పెండ్లికూతురు వేషంలో ఉన్నది కరటక శాస్త్రి శిష్యుడు మహేశం అని మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. నవ్వంతా అక్కడ పుడుతుంది. చివరకు మగవేషం వేసుకుని వకీలు సౌజన్యారావు దగ్గరికి వెళ్లి చిక్కు విప్పేది మధురవాణి. పెండ్లికూతురికి పెట్టిన తన కంటె మీద ఒక కన్ను, ఆ ముసలాయనకు ఇవ్వబోయిన చిన్నపిల్ల సుబ్బి బతుకు మీద ఒక కన్ను. తెలుగు సాహిత్యంలో పట్టా లేని తొలి పరిశోధకురాలు ఆమేనని నా అభిప్రాయం. నవ్వు, దయ్యం, మాయమైన మనిషి, దొడ్డ మనసున్న ఒక ఆడది, చుట్టూ గోల చేసే కుటుంబాలు: మన ఆధునిక నాటకం ఇటువంటి కథతోనే కాళ్ల మీద నిలబడింది.

ఇంకా వెనక్కి పోతే బేతాళుడున్నాడు. శవంలోని దయ్యం చిక్కుప్రశ్న వేస్తుంది, రాజు సాక్ష్యాలు తూచి తీర్పు చెబుతాడు. చందమామ పుణ్యమా అని ఆ దయ్యం మన పిల్లలకు లెక్కల మాస్టారంత దగ్గరైంది. శాత్రాలలో పేదరాశి పెద్దమ్మ ఉండనే ఉంది. ఊరికి కొత్తగా వచ్చిన రాజకొడుకు ఆమె ఇంట్లోనే దిగుతాడు, ఎందుకంటే ఊరి గుట్టు తెలిసింది ఆమెకే. అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్‌ను 1930లో తొలి నవలలోకి తెచ్చినప్పుడు, ఆ ముసలామె అల్లికసూదులు పట్టుకుని ఊరి సంగతులతోనే హత్యల చిక్కు విప్పింది. మన పేదరాశి పెద్దమ్మకు అల్లికసూదుల బదులు పూటకూళ్ల గరిటె. ఈ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే ఎవరూ ఎవరికీ తీసిపోరు.

మరి మన డిటెక్టివ్ సాహిత్యంలో ఆమె ఎందుకు కనపడదు? కొమ్మూరి, టెంపోరావు, ఆరుద్ర తమ తమ తీరులో మనల్ని రాత్రిళ్లు మేల్కొలిపినవాళ్లే. నేను వాళ్ల బాకీ ఎప్పటికీ తీర్చలేను. కానీ పరిశోధకుడు అంటే కారు, కోటు, అసిస్టెంటు. మల్లాది వెంకటకృష్ణమూర్తి చంటబ్బాయ్‌తో నవ్వు వచ్చింది, 1986లో జంధ్యాల దాన్ని సినిమాగా తీస్తే చిరంజీవి డిటెక్టివ్ పాండురంగారావుగా ఇంటింటికీ తెలిశాడు. 2019లో ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ నెల్లూరు గల్లీల్లో నవ్విస్తూనే శవాల గుట్టు తేల్చాడు. ఇద్దరూ మగవాళ్లే. ఇంటి హాస్యం వైపు చూస్తే భానుమతిగారి కథల్లోని అత్తగారున్నారు. ఆ మడి, ఆ పట్టుదల, ప్రతిదాంట్లో తలదూర్చే ఆ చాదస్తం చూస్తే పరిశోధకురాలికి కావలసిన గుణాలన్నీ ఆమెలో ఉన్నాయనిపిస్తుంది. అత్తగారి చేతికి ఒక దయ్యం కేసు అప్పగించి ఉంటే ఎంత బాగుండేదో! మన కరీంనగర్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన విశ్వనాథ సత్యనారాయణ, తన నవలలో విష్ణుశర్మనూ తిక్కననూ పరలోకం నుంచి దింపి ఇంగ్లీషు నేర్పబోయారు. చనిపోయినవాళ్లతో చదువరిని అంతగా నవ్వించవచ్చని ఆయన చూపించారు.

దయ్యాల నవలల సంగతికి వస్తే నేను కొంచెం గట్టిగానే మాట్లాడాలి. ఆంధ్రభూమి వారపత్రికలో తులసిదళం వస్తున్న రోజుల్లో మా సాయబాన్‌లో కూడా అదే చదివాం. యండమూరి వీరేంద్రనాథ్ పట్టు గొప్పది, కాదనలేం. వారం వారం చాటలు పక్కకు పెట్టి విన్నారు. ఆ తర్వాత రంగనాయకమ్మ ఆ నవల మీద చేసిన విమర్శ కూడా చదివాను. ఆమె పక్షాన నిలబడడానికి నాకు కారణం సాయబాన్‌లోనే దొరికింది. తులసిదళం విన్న రోజుల్లో ఒకామె తన తోటికోడలి కొంగుకు కట్టిన ముడిని అనుమానంగా చూసింది. యుగంధర్ విన్న రోజుల్లో ఎవరూ ఎవరినీ అట్లా చూడలేదు. పుస్తకం మనిషి కండ్లకు ఏ చూపు ఇస్తుందో అక్కడ నాకు తెలిసింది.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన మాట. కథలో దయ్యం ఉండనీయండి. మంత్రగత్తె మాత్రం ఉండొద్దు.

దయ్యాన్ని ఎవరూ కొట్టి చంపలేరు. దయ్యానికి ఇల్లు లేదు, పొలం లేదు, ఈడ్చుకురావడానికి జుట్టు లేదు. మంత్రగాడు, మంత్రగత్తె అన్న పేరు పడేది మాత్రం నడిచే మనిషికి. 2022 జనవరిలో పక్కనున్న జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ కులసంఘం కూడుకున్న చోటే పొడిచి చంపారు. మహారాష్ట్ర 2013లో, నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత, ఇటువంటి దురాచారాల మీద ప్రత్యేక చట్టం తెచ్చుకుంది. చట్టాలు రావాలి. అయితే చట్టం వచ్చేది నెత్తురు కారిన తర్వాత. కథ అంతకన్నా ముందు, మాట ఇంకా గుసగుసగా ఉన్నప్పుడే, ఇంట్లోకి పోగలదు.

అందుకే చేతబడిని నిజమని చూపి, చేసినవానిని చివర్లో చంపి చప్పట్లు కొట్టించే కథలంటే నాకు పడదు, అవి ఎంత బాగా తీసినా, ఎంత బాగా రాసినా. దయ్యాన్నే నవ్వులపాలు చేసే కథలంటే ప్రేమ. ప్రేమకథా చిత్రమ్ 2013లో, గీతాంజలి 2014లో వచ్చాయి. 2017లో వచ్చిన ఆనందో బ్రహ్మలో మనుషులను చూసి దయ్యాలే దడుచుకుంటాయి. చొప్పదండి పిల్లలు ఆ సినిమాలు చూసి వచ్చి చీకట్లో ఒకరినొకరు భయపెట్టుకుంటూ పడి పడి నవ్వారు. వాటివల్ల ఏ ముసలామె గడపా దడవలేదు. బెంగాలీలో శీర్షేందు ముఖోపాధ్యాయ రాసిన గయనార్ బాక్షోను 2013లో అపర్ణా సేన్ సినిమాగా తీశారు. చిన్ననాడే వితంతువైన మేనత్త చచ్చి దయ్యమై తన నగల పెట్టెను కాపలా కాస్తూ, భయస్తురాలైన కోడలి చేతికి దాన్ని అప్పగిస్తుంది. ఆ దయ్యం నోటి దురుసుకు నవ్వుతాం, ఆమెకు బతికుండగా ఏం దక్కలేదో తెలిసి గొంతు పట్టేస్తుంది. ఎంత నవ్వొచ్చినా కథ కింద ఒక ఆడమనిషి నష్టం లెక్క ఉంది. నేను కోరే కథలు ఇటువంటివి.

మలయాళంలో 1993లో వచ్చిన మణిచిత్రతాళు మనకు చంద్రముఖి పేరుతో 2005లో చేరింది. బంగ్లా, తాళం, నాట్యగత్తె దయ్యం, మధ్యలో కావలసినంత హాస్యం. కానీ అక్కడ కూడా ఆడామె పూనకం వచ్చిన మనిషి. చిక్కు విప్పేది మగ డాక్టరు. మన తెలుగు దయ్యాల కథల్లో ఆడది ఎప్పుడూ మూడింటిలో ఒకటి: దయ్యం, దయ్యం పట్టినామె, లేదంటే మంత్రగత్తె. బ్యాటరీ లైటు ఆమె చేతికి ఇచ్చినవాళ్లు అరుదు. ఇచ్చి చూడండి, ఎంత మారుతుందో!

ఎందుకంటే ఈ కేసులు తేల్చడానికి కావలసిన విద్య ఆమె దగ్గరే ఉంది. తెల్లారి సాన్పు చల్లడానికి వాకిట్లోకి వస్తే గడప ముందు ఎర్రటి నీళ్లు. మగవాళ్లు నెత్తురు అంటారు. పసుపు నీళ్లలో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని, హారతి పళ్లెంలో చేసేది అదేనని ఆడవాళ్లకు చిన్ననాటి నుంచి తెలుసు. ఒక్క చుక్క వేలికి అద్దుకుని, దాని మీద నిమ్మకాయ పిండితే ఎరుపు పోయి మళ్లీ పసుపు తేలుతుంది. కథకు ఇదొక అధ్యాయం. బీరువాలో బట్టలు వాటంతట అవే అంటుకుంటాయి. తెల్ల భాస్వరాన్ని నీళ్లలో ఉంచుతారు. తడి ఆరగానే గాలి తగిలి దానంతట అదే మండుతుంది. బట్టలు ఉతికిన మనిషికి ఆ తడి వాసన తేడా తెలుస్తుంది. అగ్గిపెట్టె లేకుండా హోమగుండం రగిలించే స్వామి నెయ్యి అని పోసేది గ్లిజరిన్, ముందే చల్లి పెట్టింది పర్మాంగనేటు. బాయి నీళ్లలో వేసే ఆ ఊదారంగు పొడి మన ఊళ్లలో అందరూ చూసిందే. జనవిజ్ఞాన వేదిక వాళ్లు ఊరూరా ఇవన్నీ చేసి చూపించారు. చూపించినప్పుడు అందరూ చప్పట్లు కొడతారు. కథగా చదివినప్పుడు ఒంటరిగా, రాత్రిపూట, తన ఇంటి గడపను తలచుకుంటూ చదువుతారు. రెండూ కావాలి.

కేరళలో పుట్టి శ్రీలంకలో వృక్షశాస్త్రం చెప్పిన అబ్రహాం కోవూర్ (1898–1978) రాళ్లు పడే ఇండ్లు, బట్టలు కాలే ఇండ్లు ఎన్నో చూశారు. ఆయన రాసిన కేసులు తెలుగులోకీ వచ్చాయి. సార్ వాటిని డిటెక్టివ్ నవలల పక్కనే పెట్టారు. వాటిలో పదే పదే తేలేది ఒకటే: ఆ పని చేస్తున్నది ఆ ఇంట్లోనే ఉన్న, ఎవరికీ చెప్పుకోలేని దుఃఖమున్న మనిషి. ఇంట్లో నోరు లేని పిల్లకో, కొత్త కోడలికో దయ్యం ఒక నోరు. మా పెద్దమ్మ కోవూర్ పేరు వినలేదు. గులకరాళ్లు చెరిగి అదే చోటికి చేరింది.

మనం కొండగట్టు నీడలో ఉన్నవాళ్లం. ఆ కొండ మన చొప్పదండి నియోజకవర్గంలోనే, మల్యాల మండలంలో ఉంది. మతి చెదిరిందనీ గాలి సోకిందనీ ఎక్కడెక్కడి నుంచో అక్కడికి మనుషులను తీసుకువస్తారు, రోజుల తరబడి గుడి దగ్గరే ఉంచుతారు. అంజన్న మీద నాకూ భక్తి ఉంది. ఆ మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఒకటే అడగాలనిపిస్తుంది: నీ ఇంట్లో ఏ ముచ్చట ఆగాలని ఇదంతా తల్లీ? ఆ ప్రశ్న అడిగే డాక్టరు ఉండాలి. డాక్టరు దగ్గరికి పోయేంత ధైర్యం ఇంటివాళ్లకు కలగాలి. 'మా పిల్లకు దయ్యం పట్టింది' అని చెప్పుకోవడం కన్నా 'మా పిల్లకు మనసు బాగాలేదు' అని చెప్పుకోవడం మన దగ్గర ఇప్పటికీ కష్టంగా ఉంది. నవ్వుతూ చదివిన ఒక నవలలో ఒక పెద్దమ్మ, తన మనవరాలిని ముందు ఆసుపత్రికి, తర్వాత గుట్టకు తీసుకుపోతే, చదివిన ఇల్లాలికి అదొక దారి కనిపిస్తుంది.

ఒక మాట అడగవచ్చు: ఇంత బరువైన సంగతిని హాస్యంలో ఎందుకు పెట్టాలి? ఆ రాత్రి చావడి దగ్గర మగవాళ్లను ఆపింది ఉపదేశం కాదు. ఉపదేశం చేసి ఉంటే 'నీకెందుకే' అని తోసేసేవాళ్లు. కోపంతో బిగిసిన మనిషి నవ్వినప్పుడు చేతిలోని కట్టె కొంచెం వదులవుతుంది. అది నేను నా కండ్లతో చూశాను. సార్ కూడా చాలా ఏండ్ల తర్వాత, ఉద్యోగం నుంచి దిగిపోయే రోజుల్లో, ఆ సంగతి తనంతట తానే ఎత్తి, "ఆ రోజు మీ పెద్దమ్మను తప్పుపట్టిన. ఆమె వాళ్లకు నవ్వే సందు ఇచ్చింది. నా దగ్గర అది లేకుండె" అన్నారు. అయినా నిజం చెప్పాల్సిందే అన్న మాటను మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు. అందుకే నేను ఆ నిజాన్ని ఇవాళ, ఆ ముసలామె, పెద్దమ్మ, సార్ ముగ్గురూ వెళ్లిపోయాక, పేర్లు తీసేసి, మీ ముందు చెప్పాను.

రాయబోయే అక్కచెల్లెళ్లకు రెండు మాటలు. మన భాషలో రాయండి. 'అచ్చిండు', 'పోతాన', 'గట్లనే' అన్న మాటలు కథలో నవ్వు కోసం పెట్టే మాటలు కావు. మనం ఏడ్చేదీ, లెక్కలు తేల్చేదీ ఆ మాటల్లోనే. తెలంగాణ యాస మాట్లాడే మనిషిని సినిమాల్లో చాలాకాలం నవ్వుల మనిషిగానే చూపించారు. మీ కథలో ఆమె అందరినీ నవ్విస్తూ అందరికన్నా తెలివిగా ఆలోచించాలి. ఇంటివాళ్లను వదిలేయకండి. పిరికి భర్త, చింతపండు వంకతో పెరడు చూసివచ్చే కోడలు, రాళ్లు ఏరుకొచ్చే పిల్లవాడు లేకపోతే మా పెద్దమ్మ కేసు తేలేది కాదు.

మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. లైబ్రరీ మన పైసలతో నడిచేది, అడిగే హక్కు మనకుంది. దయ్యాల కథలు, డిటెక్టివ్ కథలు పిల్లలకు చేతికందే ఎత్తులో పెట్టమని అడగండి. సార్ పెట్టిన చోటే పెట్టమనండి.

ఈ రోజు నుంచి మన లైబ్రరీ కౌంటర్ దగ్గర 200 పేజీల నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. మీ ఇంట్లో, మీ గల్లీలో దయ్యం అనుకున్నది ఏమిటో, అది చివరకు ఏమని తేలిందో అందులో రాయండి. పేర్లు మార్చండి. ఏ మనిషినీ మంత్రగత్తె అనకండి. రాయడం రానివాళ్లు వచ్చి చెప్పండి, నేను రాసుకుంటాను. తేలనివి కూడా రాయండి. కింద 'చివర లేదు, వచ్చి అడగండి' అని పెట్టండి.